ఆరు గిన్నెల గంధకం

"నేనే చంపాను. రాసేసుకో అమ్మా," అన్నాడు ఉస్తా నోదిర్, నేను కుర్చీ లాక్కుని కూర్చోకముందే.

ఇన్నేళ్ళుగా వకీలు పనిలో ఉన్నాను. చేసినవాళ్ళు చేయలేదంటారు, చేయనివాళ్ళు ఒట్లు పెట్టుకుంటారు. ఇలా ఎదురొచ్చి మెడ చాచేవాళ్ళు అరుదు. వాళ్ళను చూస్తే జాలి కంటే ముందు చిరాకు వస్తుంది నాకు. వాళ్ళను బయటికి లాగాలంటే పోలీసులతోనే కాదు, వాళ్ళతోనూ కొట్లాడాలి.

ఇస్ఫరా పోలీసు స్టేషన్ వెనకగది అది. బల్ల మీద గుడ్డలో చుట్టిన రొట్టె ఉంది. కూతురు సనవ్బర్ పొద్దున్నే తెచ్చిపెట్టింది, ముసలాయన తుంచనైనా లేదు. ఆ పిల్లే నిన్న బస్సెక్కి ఖుజంద్ దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నాన్న చంపలేదు అపా. నాకు తెలుసు. ఎలాగైనా బయటికి తీసుకురండి," అంది. మా వైపు అక్కను అపా అంటారు, అన్నను అకా. చచ్చిపోయింది ఆమె మొగుడు ఫైజలీ. చంపానంటున్నది ఆమె తండ్రి. మొగుణ్ణి మట్టిలో పెట్టి రెండు రోజులు కాకుండానే తండ్రి కోసం పరుగెత్తుకొచ్చిన మనిషిని ఎలా కాదంటాను?

"త్వరగా కానివ్వండి అపా," అన్నాడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ కెప్టెన్ షోదీబేక్. గుప్పిట్లోంచి పొద్దుతిరుగుడు గింజలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు. "మధ్యాహ్నం భోజనాలయ్యాక బండి ఖుజంద్‌కి బయల్దేరుతుంది. ఈయన అందులో ఉంటాడు. అజాగ్రత్త వల్ల మనిషి ప్రాణం పోయింది, ఆయనే ఒప్పుకున్నాడు. ఇందులో మీకు పనేముంది?"

"పని లేకపోతే ఇంత దూరం ఎండలో ఎందుకొస్తాను తమ్ముడూ? నీ గింజలు తినడానికా?"

అతని జేబులో ఫోన్ మోగింది. నవ్వుకుంటూ వసారాలోకి వెళ్ళాడు. నేను ముసలాయన వైపు తిరిగాను.

"బుధవారం ఏం జరిగిందో మొదటినుంచి చెప్పండి ఉస్తా."

చెప్పాడు. యజమాని తుర్సూన్ అకా పెరట్లో ఖుబానీ పళ్ళకు, అంటే ఆప్రికాట్లకు, రంగు నిలవడానికి గంధకం పొగ పెట్టే పని ఆయనది; ఆ పనిలో చెయ్యి తిరిగినవాడు కాబట్టే అందరూ ఉస్తా అంటారు. అల్లుడు ఫైజలీ అక్కడే పైపని చూసేవాడు. ఆ సాయంత్రం కోసి విప్పిన పళ్ళను చెక్క పళ్ళాల్లో పరిచి పొగగదిలో దొంతర్లుగా పేర్చారు. ముసలాయన ఇనుప మూకుడులో గంధకం పోసి, నిప్పుకణిక వేసి, తలుపు మూశాడు. తలుపు సందులకు సనవ్బర్ తడిమట్టి మెత్తింది. మర్నాడు పొద్దున తుర్సూన్ అకా ముగ్గురి ఎదుట ఆ మట్టి గీకి తలుపు తీస్తే, పళ్ళాల వెనక మూలలో ఫైజలీ బోర్లా పడి ఉన్నాడు.

"మట్టి చెక్కు చెదరలేదమ్మా. అంటే నేను తలుపు మూసేటప్పటికే వాడు లోపల ఉన్నట్టేగా? వెనక ఏదో సర్దుకుంటూ ఉంటాడు. నా కళ్ళు మునుపటిలా లేవు. ఒక్కమాట పిలవాల్సింది. పిలవలేదు."

"లోపలివాడు అరవడా? తలుపు బాదడా?"

"ఆ పొగ ఒక్క గుటక గొంతులో పడితే మాట రాదు." ఆయన అరచేతుల వైపు చూసుకున్నాడు. "నా కూతురి తాడు నేనే తెంపాను. ఏ మొహం పెట్టుకుని దాని ఇంటికి పోను? నన్ను బండెక్కించనీ."

శవాన్ని అడుగుదామంటే శవం లేదు. మా దగ్గర చనిపోయినవాణ్ణి పొద్దు వాలకముందే మట్టిలో పెడతారు. కత్తి తగలనివ్వరు. తల వెనక దెబ్బ ఉందట. పొగకు కళ్ళు తిరిగి పడ్డాడని కెప్టెన్ రాసేసుకున్నాడు. ఇక నాకు మిగిలినవి ఆ గదీ, ఆ మూకుడూ.

"గంధకం ఎంత పోశారు ఉస్తా?"

"ఆరు గిన్నెలు."

"ఎప్పుడూ అంతేనా?"

"ఎప్పుడూ నాలుగే. ఈసారి పళ్ళు దీపాల్లా వెలగాలి, మాస్కో వాళ్ళు రంగు చూసే కొంటారు అని తుర్సూన్ పోరుపెట్టాడు. సరే, ఓ రెండు ఎక్కువ పోద్దాం అనుకున్నా. ఎవరికీ చెప్పలేదు. చెప్పేదేముంది?"

"గిన్నెకి ఎంత పడుతుంది?"

"అరకిలో. తలకొట్టి పోస్తాను."

"మూకుడులో ఏమన్నా మిగులుతుందా?"

అప్పటిదాకా వంగి ఉన్న తల మొదటిసారి లేచింది. "ఏం మిగుల్తుంది? పొగ పెట్టడం మొదలెట్టిన దగ్గర్నుంచి నా మూకుడులో పలుకు మిగల్లేదు. మిగిల్తే వాడికి పని రాదన్నమాట."

చావు బరువు మోస్తున్న మనిషికి కూడా చేతిపని మీద పౌరుషం పోదు. ఆ క్షణంలో ఆయన నాకు నచ్చాడు. ఎలాగైనా ఇంటికి పంపాలనుకున్నాను.

*

పొగగది పెరటి చివర, పచ్చి ఇటుకలతో కట్టింది. కెప్టెన్ తను వేసిన సీలు తనే విప్పాడు, ఏదో పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. వాసన ఇంకా కళ్ళలో గుచ్చుకుంటోంది. పళ్ళాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పళ్ళు మాత్రం నిజంగానే దీపాల్లా ఉన్నాయి, వాటిని ఇప్పుడు ఎవరూ తినరు.

నేను మూకుడు దగ్గర కూర్చున్నాను. అడుగున నల్లటి మసి, అంచు చుట్టూ పొరలా కట్టిన బూడిద. పచ్చటి గంధకం పలుకు ఒక్కటీ లేదు. గోటితో గీస్తే పొర పెచ్చుగా లేచింది.

"తలుపు తీశాక దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేను వచ్చి సీలు వేసేదాకా తుర్సూన్ అకా గుమ్మంలోనే కూర్చున్నాడు," అన్నాడు కెప్టెన్. "ఎవర్నీ రానివ్వలేదు."

"గీకి ఉంటే ఈ పొర ఉండదు. అంటే కాలి కాలి అయిపోయింది."

"గంధకం కాలక ఏం చేస్తుంది అపా?"

టేపు తీసి గది కొలిచాను. పొడవు మూడు మీటర్లు, వెడల్పు రెండు, ఎత్తు రెండు. గోడ అడుగున, మూకుడుకు ఎదురుగా, పిడికిలంత మేర కొత్త సిమెంటు కనిపించింది. పాత మట్టిగోడలో బూడిదరంగు మచ్చలా ఉంది.

"తుర్సూన్ అకా, ఇదేంటి?"

యజమాని లావుపాటి మనిషి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "గాలికంత అది. ఈ వసంతంలో పూడ్పించాను. పక్కింటి ముసలమ్మ తన కోళ్ళు దగ్గుతున్నాయని రోజూ గోల. ఆ కంతలోంచే పొగ పోతోందని."

"పూడ్చాక ఎన్నిసార్లు పొగ పెట్టారు?"

"బుధవారమే మొదటిసారి. ఈ ఏడు చలికి పంట వెనకబడింది కదా."

టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను. గుప్పెడు ఎండుగడ్డి తెప్పించి గది మధ్యలో అంటించి, తలుపు మూయించి, సందులకు మట్టి మెత్తించాను. గది చుట్టూ తిరుగుతూ గోడలు, కప్పు, గడప అన్నీ చూశాను. ఎక్కడా సన్నని పోగంత పొగ కూడా బయటికి రాలేదు. ఉస్తా తన గదిని బానలా పూసుకున్నాడు. ఆ ఒక్క కంతే దానికి ముక్కు. దాన్ని కోళ్ళ కోసం మూసేశారు.

"గడ్డి కాల్చడం అయిందా, ఇంకా ఏమైనా వండుతారా?" అన్నాడు కెప్టెన్. "రసాయనాల ల్యాబు వదిలేసి వకీలై ఎన్నాళ్ళైనా ల్యాబు మిమ్మల్ని వదల్లేదు అపా."

"వండుతాను. మీ స్టేషన్‌లోనే. తుర్సూన్ అకా, నాకో గుప్పెడు గంధకం, పళ్ళరసం పట్టే మూడు లీటర్ల గాజుసీసా, మూత ఇప్పించండి."

*

స్టేషన్ వెనకగదిలో కిటికీ బార్లా తెరిపించి సీసా బల్ల మీద పెట్టాను. ముసలాయన ఒకపక్క, కెప్టెన్ ఒకపక్క. కిటికీ అవతల మల్బరీ చెట్టు కింద బెంచీ మీద సనవ్బర్ కూర్చుని ఉంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని. నేను కనిపించగానే లేవబోయింది. కూర్చోమని సైగ చేశాను.

పొడుగు చెంచాలో అర చెంచా గంధకం పోసి, అంటించి, సీసాలోకి దించి మూత బిగించాను. నీలిమంట వచ్చింది. సీసా తెల్లగా మసకబారింది. కాసేపటికి మంట చిన్నదై ఆరిపోయింది. తీసి చూపించాను. చెంచాలో గంధకం చాలావరకు అలాగే ఉంది, కరిగి ముద్దై.

"ఎందుకు ఆరింది తమ్ముడూ?"

"గాలి అయిపోయింది." అతను మోచేతిలోకి దగ్గాడు. "స్కూల్లో నాకూ చెప్పారు. అయితే?"

"అయితే లెక్క వేద్దాం. గంధకం మండటమంటే గాలిలో ప్రాణవాయువుతో కలవడం. ఒక గంధకం పరమాణువు రెండు ప్రాణవాయువు పరమాణువుల్ని పట్టుకుంటుంది. గంధకానిది ముప్పై రెండు పాళ్ళ బరువు. ప్రాణవాయువుది పదహారు, రెండైతే ముప్పై రెండు. అంటే కిలో గంధకం కాలాలంటే సరిగ్గా కిలో ప్రాణవాయువు కావాలి. తూకంలో ఇటు ఎంతో అటు అంత."

"బాగుంది. మార్కులు వేయమంటారా?"

"ఆగు. గదిలో పళ్ళూ పళ్ళాలూ పోను పది ఘనపు మీటర్ల గాలి. అందులో ఐదో వంతు ప్రాణవాయువు. మన ఎత్తులో, ఈ ఎండలో, అది తూస్తే రెండున్నర కిలోలు కూడా ఉండదు. ఆ గది ఒక్క ఊపిరి కూడా మిగల్చకుండా మొత్తం మింగినా రెండున్నర కిలోల లోపు గంధకమే కాలాలి. నిజానికి మంట అంతకంటే చాలా ముందే ఆరిపోతుంది, ఇప్పుడు చూశావుగా. ఉస్తా పోసింది ఆరు గిన్నెలు. మూడు కిలోలు."

కెప్టెన్ గింజలు నమలడం ఆపాడు.

"మీ ఇంట్లో బస్తా పిండి ఉంది, చెంబుడు నీళ్ళే ఉన్నాయి," అన్నాను. "ఎన్ని రొట్టెలవుతాయి? నీళ్ళు ఎంతో అంతే. మిగతా పిండి మిగలాల్సిందే. కానీ ఇక్కడ పిండి మిగల్లేదు. మూకుడు నల్లగా ఖాళీగా ఉంది."

"తలుపు సందుల్లోంచి గాలి..."

"మట్టి చెక్కు చెదరలేదని నువ్వే రాశావు. గడ్డిపొగ బయటికి రాకపోవడం నువ్వే చూశావు. ఒకటే దారి. మంట ఆరాక ఎవరో తలుపు తీశారు. కొత్త గాలి ఆడింది. మూకుడు మళ్ళీ అంటించారు. తలుపు మూసి మళ్ళీ మట్టి మెత్తారు. ఫైజలీ ఆ రెండోసారి లోపలికి వెళ్ళాడు, బహుశా తన కాళ్ళ మీద కాదు. తల వెనక దెబ్బ అక్కడిది."

"వాడే తలుపు తీసుకుని వెళ్ళి అంటించుకున్నాడేమో."

"లోపలున్నవాడు తలుపుకు బయట మట్టి మెత్తుకోలేడు కదా."

నిజం చెప్పాలంటే నాకు కాస్త గర్వంగానే అనిపించింది. ముసలాయన వైపు తిరిగాను.

"ఉస్తా, మీరు నిప్పు వేసినప్పుడు గదిలో ఎవరూ లేరు. మీరు పిలిచినా పలికేవాళ్ళు లేరు. మీరు ఎవర్నీ చంపలేదు."

ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డుపెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఏడ్చాడనుకుంటాను. కెప్టెన్ కూడా చూపు పక్కకు తిప్పుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి.

"సరే అపా," అన్నాడు గొంతు మార్చి. "ఒప్పుకుంటాను. మరి ఎవరు? పెరటి గోడ నడుమెత్తు కూడా లేదు. ఊళ్ళో ఎవడైనా దూకొచ్చు."

"ఎవడైనా కాదు," అన్నాను. నోటికి వేగం వచ్చేసింది, మనసు దాని వెనక పరుగెడుతోంది. "ఊళ్ళోవాడైతే శవం పడేసి తలుపు మూసి పోతాడు. మూకుడు వైపు చూడనైనా చూడడు. వీళ్ళు చూశారు. అందులో పసుపు ముద్ద మిగిలుంటే కంగారుపడ్డారు. ఎందుకు? వాళ్ళెప్పుడూ మూకుడులో గంధకం మిగలడం చూడలేదు. కంత పూడిస్తే ఇలా అవుతుందని వాళ్ళకు తట్టలేదు. పొగ సరిగ్గా రాలేదు, పొద్దున చూసినవాళ్ళు ఇంత చిన్న పొగకు మనిషి పోడంటారు అనుకున్నారు. అందుకే మళ్ళీ అంటించారు. అలా అనుకోవాలంటే ఈ పనిలో పుట్టి పెరగాలి. ఉస్తా మూకుడు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుందని చిన్నప్పటి నుంచి చూసి ఉండాలి. ఆ పైన రెండోసారి మెత్తిన మట్టి మొదటిదానిలాగే ఉంది. ముగ్గురు పక్కన నిలబడి చూసీ తేడా పట్టలేకపోయారు. అంటే చెయ్యి కూడా..."

అక్కడ ఆగిపోయాను.

మొదటిసారి మట్టి మెత్తిన ఆ చెయ్యే నిన్న నా చెయ్యి పట్టుకుంది. నాన్న చంపలేదు, నాకు తెలుసు అంది. పిల్లలందరూ అనే మాటే కదా అని నేను వినేసి ఊరుకున్నాను.

ముసలాయన మొహం మీద నుంచి చేతులు తీశాడు. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, కానీ ఏడుపు ఆగిపోయింది. ఆయన కిటికీలోంచి బెంచీ వైపు చూశాడు, తర్వాత నన్ను. ఆయనకు నాకంటే ముందే అర్థమైందని నాకు తెలిసింది. లెక్క వల్ల కాదు. ఆ ఇంట్లో ఆ పిల్ల ఎలా బతికిందో ఆయనకు తెలుసు, నాకింకా తెలియదు.

"నాలుగు," అన్నాడు.

"ఏంటి?" అన్నాడు కెప్టెన్.

"నాలుగు గిన్నెలే పోశాను. ఎప్పుడూ పోసేవే. ముసలితనం, పొద్దున ఈ అమ్మతో ఏదో తప్పు చెప్పాను." "నాలుగంటే రెండు కిలోలు. ఆ గదికి అంత మింగే గాలి ఉందని ఈ అమ్మే అంది. అంతా కాలిపోయింది. తలుపు ఎవరూ తీయలేదు. నేనే మూశాను, నేనే చంపాను. అలా రాసుకో బాబూ, వేలిముద్ర వేస్తాను."

మంట ముందే ఆరిపోతుందని నేను చెప్పిన మాట ఆయన వదిలేశాడు. కెప్టెన్‌కు అది గుర్తుందో లేదో తెలియదు. రెండు గిన్నెల తేడాతో నా లెక్క మొత్తం కూలిపోయింది. ఆ రెండు గిన్నెలకూ సాక్షిని నేనొక్కదాన్నే. గంధకం బస్తా పోయినేడు విప్పింది, తూచి ప్రయోజనం లేదు. ఆరు అని ఆయన చెప్పినప్పుడు కెప్టెన్ వసారాలో ఫోన్లో ఉన్నాడు.

అతను నెమ్మదిగా నా వైపు తిరిగాడు. ఈసారి వెటకారం లేదు.

"అపా, పొద్దున మీకు ఎన్నని చెప్పాడు?"

ముసలాయన నన్ను చూస్తున్నాడు. బతిమాలడం లేదు. తండ్రిగా తను చేయాల్సింది చేసేశాడు, ఇక నీ ఇష్టం అన్నట్టుంది ఆ చూపు. నాకు ఇద్దరు కూతుళ్ళు. ఆ సంగతి ఆ నిమిషంలో గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు.

"ఆరే నాన్నా."

కిటికీ దగ్గర సనవ్బర్ నిలబడి ఉంది, రెండు చేతులూ కమ్మీల మీద వేసి. ఎప్పుడు లేచి వచ్చిందో మేమెవరం చూడలేదు. తండ్రి వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆమె ఆ చేతిని చూసింది కానీ ఆగలేదు.

"నువ్వు ఆరు పోశావు," అంది. "నేను ఫైజలీని ఈడ్చుకొచ్చి తలుపు తీసేసరికి మూకుడులో ఇంకా సగానికి కాస్త తక్కువ మిగిలి ఉంది. ఈ నేరం నీ మీదికి వస్తుందనుకోలేదు. కెప్టెన్ అకా, మా నాన్నను ఇంటికి పంపండి. ఆయన పొద్దుటి నుంచి ఏమీ తినలేదు."